వెదురాకుతో నెట్టుకొచ్చే మాంసాహారి: రెడ్ పాండా జమాఖర్చు

బెంగళూరు బన్నేరుఘట్ట జూకి పిల్లల్ని తీసుకెళ్తే పులి కనిపిస్తుంది, ఎలుగు కనిపిస్తుంది. సెల్‌ఫోన్ వీడియోల్లో రోజూ చూసే రెడ్ పాండా మాత్రం కనిపించదు. చెన్నై వండలూరు జూలోనూ అంతే. బెంగళూరు చల్లటి ఊరే కదా, ఇక్కడ ఎందుకు పెంచరని చాలామందికి అనుమానం. ఈ జంతువుకి హాయిగా ఉండే వేడి సుమారు 17 నుంచి 25 డిగ్రీల మధ్య. 25 దాటితే ఆయాసపడుతుంది, కాళ్లు నాలుగూ కొమ్మకి అటూఇటూ వేలాడేసి పడుకుంటుంది. బెంగళూరు ఏడాది సగటు చూస్తే ఫరవాలేదనిపిస్తుంది గానీ, ఏ జంతువూ సగటు ఉష్ణోగ్రతలో బతకదు. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండని అది ఒంటిమీద మోయాలి. పోనీ ఏసీ గది కట్టించినా, ఏడాది పొడుగునా రోజూ తాజా వెదురాకు తేవాలి. అది తినేది హిమాలయాల సన్నరకం కొండవెదురు, మన అడవుల ముళ్లవెదురు కాదు.

వేడి, మేత అనే ఈ రెండు ఇబ్బందులూ జూకే పరిమితం కావు. అడవిలో రెడ్ పాండా బతుకంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. నెలజీతం మొత్తం అద్దెకీ సరుకులకీ సరిపోయి, చేతిలో పైసా మిగలని ఇల్లు ఎలా నడుస్తుందో దీని ఒళ్లు అలా నడుస్తుంది. అనుకోని ఖర్చు ఒక్కటి వచ్చిపడితే చాలు. రోడ్డు, కుక్క, పశువుల మంద, కట్టెల కోసం వచ్చే మనిషి, ఆఖరికి ఫొటో కోసం చెట్టు కిందే నిలబడే ట్రెక్కరు కూడా ఆ అనుకోని ఖర్చే. సంరక్షణ అంటే ఏం చేయాలి, ఏ పనికి డబ్బు దండగ అన్నది తేలాలంటే ముందు ఈ జమాఖర్చు అర్థం కావాలి.

కుక్కలు, పిల్లులు, ఎలుగుబంట్లు ఉండే కార్నివోరా అనే మాంసాహార వర్గంలోదే రెడ్ పాండా. తన కుటుంబంలో ఈనాటికి మిగిలింది అదొక్కటే. నలుపు తెలుపుల పెద్ద పాండాకి ఇది దగ్గరి చుట్టం కూడా కాదు. బరువు 3 నుంచి 6 కిలోలు, అంటే బాగా బలిసిన ఇంటి పిల్లి కంటే కాస్త ఎక్కువ. పేగు మాంసాహారిది, పొట్టిగా ఉంటుంది. ఆవుకి ఉన్నట్టు నాలుగరల కడుపు లేదు, కుందేలుకి ఉన్నట్టు పీచుని పులియబెట్టే అంధాంత్రమూ లేదు. అలాంటి పేగుతో తినేదేమో వెదురాకు. తిన్న ఆకులో ఎండు పదార్థం లెక్కన పావువంతు మాత్రమే ఒంటికి పడుతుంది. మిగిలిందంతా రెండు నుంచి నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే రోజుకి కిలోన్నర తాజా ఆకు, లేదా మొలకల కాలంలో 4 కిలోల దాకా వెదురు మొలకలు తినాల్సి వస్తుంది. తన బరువుతో పోటీపడే తిండి అది.

కనిపించిన ఆకల్లా తినదు. ముందుకాలితో కొమ్మని వంచి పట్టుకుని, వాసన చూసి, లేతాకుల్ని ఒక్కొక్కటిగా పక్కపళ్లతో కత్తిరించి నములుతుంది. పట్టుకోవడానికి మణికట్టు దగ్గర ఎముక ఒకటి పెరిగి బొటనవేలిలా పనిచేస్తుంది. ఆ వేలు వెదురు కోసమే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. స్పెయిన్‌లో దొరికిన దీని పాతకాలపు బంధువు శిలాజంలోనూ ఆ ఎముక ఉంది, ఆ బంధువు తిన్నదేమో మాంసం. చెట్లెక్కడానికి పనికొచ్చిన వేలు తర్వాత వెదురుకి ఉపయోగపడిందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న విషయం పట్టుకోవాలి. హిమాలయాల్లో మాలింగో అని పిలిచే వెదురు గడ సన్నగా ఉంటుంది, దాన్ని పట్టుకుని ఈ జంతువు ఎక్కలేదు. ఆకులేమో పైన ఉంటాయి. అందుకని కూలిన చెట్టు మొద్దు, నరికిన దుంగ, పొద కొమ్మ ఏదో ఒకటి ఎక్కి నిలబడి ఆకుని అందుకుంటుంది. పశ్చిమ బెంగాల్ కొండల్లోని సింగలీలా అడవి లాంటి చోట్ల పరిశోధకులు దీని పెంటికలు దొరికిన స్థలాలు కొలిచి చూస్తే ప్రతిసారీ కనిపించినవి ఇవే: గుబురైన వెదురు, పెద్ద వయసు చెట్లు, పడిపోయిన దుంగలు, వంద రెండొందల మీటర్ల లోపు నీరు. ఎండిన దుంగ పడి ఉంటే ఎవరికి నష్టం, కట్టెలకి తెచ్చుకుంటే తప్పేంటి అనిపిస్తుంది. వెదురు ఒక్కటీ నరక్కుండా, దుంగలు మాత్రం ఏరేసిన అడవిలో మేత కంటికి కనిపిస్తూనే ఉంటుంది, నోటికి అందదు.

చలికాలంలో ఖర్చు తగ్గించుకోవడమే దారి. ముద్దగా చుట్టుకుని, గుబురు తోకని ముక్కు మీదికి లాక్కుని, ఎండ తగిలే చెట్టుకొనన పడుకుంటుంది. ఫిర్, ఓక్ చెట్ల మీద పెరిగే ఎర్రటి పాచిలో దాని రంగు కలిసిపోతుంది. కింద నుంచి చూసేవాళ్లకి నల్లటి పొట్ట కొమ్మ నీడలా కనిపిస్తుంది. పగలంతా నిద్రే కదా అని బద్ధకం అంటగడతారు గానీ, అది లెక్క చూసుకుని పడుకోవడం. నిద్రలేపి చెట్టు మార్పిస్తే, ఆ పరుగుకి సరిపడా మళ్లీ తినాలి.

ఏడాదిలో జమాఖర్చు బాగా బిగిసేది వానాకాలంలో. జనవరి నుంచి మార్చి మధ్య జతకడతాయి, జూన్, జూలైల్లో ఈనుతాయి. సాధారణంగా ఇద్దరు పిల్లలు, పుట్టినప్పుడు ఒక్కోటి 110 నుంచి 130 గ్రాములు. కళ్లు తెరవడానికి రెండున్నర వారాలు పడుతుంది, మూడు నెలల దాకా గూడు వదలవు. చెట్టు తొర్ర, రాతి సందు, వేళ్ల కింద బొరియ, ఇవే గూళ్లు. పాలిచ్చే తల్లికి మామూలు రోజులకి మూడింతల తిండి కావాలి. సరిగ్గా అప్పుడే వెదురు మొలకలు వస్తాయి. ఆకు కంటే మొలక బాగా అరుగుతుంది. మొలకలున్న వారాల్లో తల్లి తిన్నదే పిల్లలకి పాలు.

అదే మొలకల కోసం అదే నెలల్లో మనుషులూ వస్తారు, కూరకి. పశువులూ అప్పుడే పైకి ఎక్కుతాయి, ఎత్తు మీద గడ్డి బాగుండేది వానాకాలంలోనే కనక. సింగలీలా జాతీయ పార్కుని జూన్ నడిమి నుంచి సెప్టెంబర్ నడిమి దాకా పర్యాటకులకి మూసేస్తారు. మంచి పని. కానీ గేటు మూసింది టికెట్ కొనుక్కొచ్చేవాళ్లకే, మందలకి గేటుతో పనిలేదు. రెడ్ పాండా మీద సానుభూతి ఉన్న చాలామంది టూరిస్టుల్ని తిట్టి ఊరుకుంటారు. అసలు గడ్డుకాలంలో అక్కడ టూరిస్టు ఉండడు.

ఈ సంగతి నేపాల్‌లోని లాంగ్‌టాంగ్‌లో ఎప్పుడో తేలింది. 1950ల్లో అక్కడ యాక్ పాలతో చీజ్ తయారీ మొదలైంది. పాలకి గిరాకీ వచ్చింది, యాక్–ఆవు సంకరమైన చౌరీల మందలు పెరిగాయి. ప్రహ్లాద్ యోంజోన్ అక్కడ రెడ్ పాండాలకి రేడియో కాలర్లు కట్టి పరిశోధన చేశారు, 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లల్లో ఎక్కువ భాగం ఆరు నెలలు నిండకుండానే పోయాయి. చావుల్లో సగానికి పైగా మనుషుల వల్ల, వాళ్ల పశువుల వల్ల, కుక్కల వల్ల జరిగినవే. ఎవరూ తుపాకీ పట్టుకుని వెళ్లలేదు. మంద వెదురులోంచి నడిచింది, మొలకలు తొక్కిడిపడ్డాయి, వెంట వచ్చిన కుక్క గూడు పసిగట్టింది. అంతే. తల్లికి అలికిడి తగిలితే పిల్లల్ని మెడ పట్టుకుని ఇంకో తొర్రకి మారుస్తుంది. ఒకసారి మార్చడం మామూలే. వానలో పదే పదే మారిస్తే పిల్లలు తడిసి చల్లబడతాయి, పాలిచ్చే సమయం తగ్గుతుంది. జూల్లోనూ ఇదే గొడవ, గది దగ్గర సందడి ఎక్కువైతే తల్లి పిల్లల్ని మోసుకుని అటూ ఇటూ తిరిగి చంపుకుంటుంది. అందుకే అనుభవమున్న జూల్లో ఒక్కో ఆడదానికి కనీసం రెండు మూడు గూటిపెట్టెలు ముందుగానే అమర్చి, ఈనాక ఆ దరిదాపులకి పోరు.

కుక్క సంగతి విడిగా చెప్పుకోవాలి. కరిచి చంపడం సగం కథే. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు రెడ్ పాండాకి సోకితే బతకడం దాదాపు కల్ల. కుక్క చీదిన చోటో, ఉచ్చ పోసిన చోటో మూతి పెడితే చాలు. మరి పాండాలకే టీకా వేయొచ్చుగా అంటే, అక్కడే మెలిక. కుక్కలకి వేసే బతికున్న వైరస్ టీకా రెడ్ పాండాకి వేస్తే టీకా వల్లే డిస్టెంపర్ వచ్చి చనిపోయిన ఉదంతాలు 1970ల్లోనే నమోదయ్యాయి. జూల్లో వీటికి వేరే రకం టీకా వాడతారు. అడవిలో జంతువుని పట్టి టీకా వేయడం కుదిరే పని కాదు కనక టీకా పడాల్సింది కుక్కకే.

చెప్పినంత తేలిక కాదది. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు వేయాలి, మూడు నాలుగు వారాల ఎడంతో మరి రెండు, ఆ తర్వాత వైద్యులు చెప్పిన గడువుకి బూస్టర్లు. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. కాపరుల పాక 3,000 మీటర్ల ఎత్తులో, రోడ్డుకి రోజు నడక దూరంలో ఉంటుంది. మంచుపెట్టె భుజాన వేసుకుని ఒకసారి వెళ్లి టీకాలు వేసి ఫొటోలు దిగి రావడం చాలా కార్యక్రమాల్లో జరిగేదే. రెండో డోసుకి వెళ్లేసరికి మంద ఇంకో మేతబీడుకి మారిపోయి ఉంటుంది. సగం డోసులు పడిన కుక్కని టీకా పడిన కుక్కగా రాసుకుంటే లెక్క బాగుంటుంది, రక్షణ ఉండదు. కాపరులు శీతాకాలంలో కిందికి దిగివచ్చినప్పుడే, ఊళ్లోనే, డోసులన్నీ వేసి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేసి పంపిస్తే ఖర్చూ తక్కువ, ఫలితమూ ఎక్కువ. హోటళ్ల ఎంగిలి మీద బతికే దిక్కులేని కుక్కల సంగతి ఇంకా కష్టం. చెత్త పెరిగేకొద్దీ అవి పెరుగుతాయి, చెత్త పెంచుతున్నది ట్రెక్కింగు దారే.

వెదురు నాటడం గురించి కూడా రెండు మాటలు. మొక్కలు నాటే కార్యక్రమం అనగానే విరాళాలు వస్తాయి, కానీ నాటిన వెదురు మొదటి రెండు మూడేళ్లు పశువు నోట పడకుండా చూడకపోతే మిగిలేది కంచె కర్రలే. వానలు మొదలయ్యే ముందు దుంపతో సహా తవ్విన పిలకలు నాటితే పట్టుకుంటాయి. అన్నిటినీ ఒకే పొద నుంచి తేకూడదు. ఈ జాతి వెదుళ్లు ఏళ్ల తరబడి పూయకుండా ఉండి, ఒక్కసారిగా పూసి మూకుమ్మడిగా చచ్చిపోతాయి. ఒకే తల్లి నుంచి వచ్చిన పిలకలన్నిటికీ గడియారం ఒకటే. వెదురు చచ్చిన కొండ నుంచి పాండా పక్క కొండకి పోగలిగితే బతుకుతుంది. మధ్యలో రోడ్డు, ఊరు, ఆలుగడ్డ చేను ఉంటే పోలేదు.

పోవడం ఎంత కష్టమో జీపీఎస్ కాలర్ల వల్ల తెలిసింది. తూర్పు నేపాల్‌లో, సింగలీలా కొండకి అవతలి పక్కన, 2019లో మొదలుపెట్టి పది పాండాలకి కాలర్లు కట్టారు. ఒక్కోటి తిరిగే మేర చదరపు కిలోమీటరున్నరకి అటూ ఇటూ, మగవాటిది ఆడవాటికి దాదాపు రెట్టింపు. మనుషుల రాకపోకలున్న చోట అవి వేళలు మార్చుకుంటాయి, అడవి ముక్కలైన చోట కదలికలు కుదించుకుంటాయి. భారత్ వైపు సింగలీలా పార్కు మొత్తం 80 చదరపు కిలోమీటర్లకి లోపే. అక్కడ 38 పాండాలు, బెంగాల్‌లోనే ఉన్న నియోరా వ్యాలీ పార్కులో 32 ఉంటాయని ఆమధ్య అంచనా కట్టారు. ఈ రెండు అడవుల మధ్య నేల మీద రాకపోకలు తెగిపోయాయి. ముప్పై నలభై జంతువులు తమలో తామే జతకడుతూ పోతే ఏమవుతుందో మేనరికాలు తెలిసిన తెలుగువాళ్లకి విడమర్చి చెప్పనక్కర్లేదు.

వేట మాట చెప్పాలంటే, 1972 వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1 జంతువు, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్నది. చంపినా, దగ్గర ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. భారత్‌లో దీని చర్మానికి పెద్ద గిరాకీ లేదు. కస్తూరి జింకకో అడవిపందికో పెట్టిన ఉచ్చులో ఇదొచ్చి పడటమే ఎక్కువ. కొత్తగా తలెత్తిన బెడద వేరే ఉంది, అది మన విమానాశ్రయాల దాకా వచ్చింది. 2024 మార్చిలో బ్యాంకాక్ విమానాశ్రయంలో ముంబై విమానం ఎక్కబోతున్న ఆరుగురు భారతీయుల సామాన్లలో 87 జంతువులు దొరికాయి, బుట్టలో కుక్కి పెట్టిన రెడ్ పాండా వాటిలో ఒకటి. అంతకుముందు 2023 ఆగస్టులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయానికి వచ్చిన పెట్టెల్లో 234 వన్యప్రాణులు పట్టుబడ్డాయి, అందులో కంగారూ పిల్ల ఊపిరాడక చచ్చిపోయి ఉంది. ముద్దొస్తోంది కదా అని ఇన్‌స్టాలో పంచుకునే ప్రతి పెంపుడు పాండా వీడియో ఈ గిరాకీకి ఆజ్యం పోస్తుంది. 33 డిగ్రీల ఊళ్లో అరటిపండూ బిస్కెట్టూ పెట్టి ఈ జంతువుని ఎవరూ బతికించలేరు.

జూలో పెంచి అడవిలో వదలడం గురించి గొప్పగా రాస్తుంటారు. అందులో నిజమైన పనీ ఉంది, పరిమితీ ఉంది. డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జూ ఈ పనికి కేంద్రం. సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాద్‌లో పుట్టి బెంగాల్ గవర్నర్‌గా చేసిన పద్మజా నాయుడి పేరే అది. 2003లో ఇక్కడ పెరిగిన స్వీటీ, మినీ అనే రెండు ఆడవాటిని సింగలీలాలో వదిలారు. మినీ కొద్దికాలానికే వేటాడే జంతువు నోట పడింది, స్వీటీ అడవి మగదానితో కలిసి పిల్లని కన్నది. 2022–2024 మధ్య మరో తొమ్మిదింటిని వదిలితే, వాటిలో ఏడు ఆడవి, మూడు ఈని ఐదు పిల్లలు పుట్టాయి. వదిలే ముందు సందర్శకులు కనిపించని అడవి ఆవరణలో ఉంచుతారు, పళ్లూ పాలూ తగ్గించి వెదురు మీదికి మళ్లిస్తారు, తర్వాత పార్కులోనే చిన్న ఆవరణలో అలవాటు చేసి, కాలర్ కట్టి తలుపు తీస్తారు. కాలర్ బరువు ఒంటి బరువులో మూడు శాతం లోపుంటే మేలు, 4 కిలోల దానికి 120 గ్రాములు. మనిషి వాసనంటే బెదరని జంతువుకి కుక్కంటే బెదరడం ఎవరూ నేర్పలేరు. ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2016లో ఈ జూలోని పాండాల డీఎన్‌ఏ పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. జన్యు వైవిధ్యం ప్రస్తుతానికి బాగానే ఉంది గానీ, బయటి రక్తం కలవకపోతే వందేళ్లు నిలిచే అవకాశం రెండు శాతం లోపేనని తేలింది. అయితే బయటి రక్తం ఎక్కడిదైనా ఫరవాలేదనుకోకూడదు. 2020లో 65 పాండాల పూర్తి జన్యుక్రమాలు పోల్చి చూసి, హిమాలయ పాండా, చైనా పాండా వేర్వేరు జాతులని తేల్చారు. అరుణాచల్‌లో సియాంగ్ నది వాటి మధ్య హద్దని మన జూలాజికల్ సర్వే వాళ్ల పరిశోధన చెబుతోంది. అంటే రెండు జాతులూ మన దేశంలోనే ఉన్నాయి. ఒకదాని అడవిలో ఇంకోదాన్ని వదిలితే మంచి చేయబోయి చెడు చేసినట్టే.

బెంగళూరు నుంచి బాగ్‌డోగ్రాకి నేరుగా విమానాలు వచ్చాక సింగలీలా కొండల్లోని సందక్‌ఫు శిఖరానికి ట్రెక్కింగుకి వెళ్లే కుర్రాళ్లు పెరిగారు. వెళ్లడంలో తప్పులేదు, స్థానిక గైడుకి నాలుగు డబ్బులు వస్తే ఆ అడవిని కాపాడుకునే కారణం అతనికి దొరుకుతుంది. దారిలో తుమ్లింగ్, గైరీబాస్ ఊళ్ల దగ్గర తోకాడిస్తూ వెంటబడే కుక్కకి బిస్కెట్టు వేయకూడదు. వేస్తే అది సందక్‌ఫు దాకా, 3,636 మీటర్ల ఎత్తుకి, వెదురులోంచే వెంట వస్తుంది. చలిమంట అడగకూడదు, అక్కడ కట్టె అంటే దుంగే. పాండా కనిపిస్తే చెట్టు మొదట్లో చేరకుండా దూరంగా ఆగి, అది తల తిప్పి మనల్నే చూస్తుంటే వెనక్కి తగ్గాలి. ఫొటోకి లొకేషన్ పెట్టొద్దు.

ఐటీ కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బుతోనో సొంతంగానో విరాళమిచ్చేవాళ్లు పాండా బొమ్మతో వచ్చే దత్తత సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోకుండా కొన్ని సంగతులు అడగాలి. కుక్కల్లో ఎన్నింటికి చివరి డోసు దాకా పడింది? మూడేళ్ల కిందట నాటిన వెదురులో ఇప్పుడు ఎంత నిలిచి ఉంది, కంచె మరమ్మతుకి ఏటా ఎంత పెట్టారు? పొగ తక్కువ పొయ్యిలు ఇచ్చిన ఇళ్లలో రెండో చలికాలంలోనూ వాటిని వాడుతున్నారా, లేక వేడి చాలక పాత పొయ్యికే వెళ్లిపోయారా? జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మందల్ని పైకి తోలని కాపరికి ఆ నాలుగు నెలల పాల నష్టం ఎవరు, ఏ తారీఖుకి ఇస్తున్నారు?